ఐ.టి.ఐ. విద్యార్థికి దారి చెప్పేవారెవరు?

ప్రతి సంవత్సరం పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారం పది రోజులలోనే మన శాఖా కార్యాలయాలకు ఒక తరహా సందర్శకుల రాక మొదలవుతుంది. డ్యూటీ దిగి, యూనిఫారమైనా మార్చకుండా, చేతిలో పిల్లవాని మార్కుల జాబితాతో వచ్చే ట్రాక్‌మన్, పాయింట్స్‌మన్, పోస్ట్‌మన్, గ్రామీణ డాక్ సేవక్. వారడిగే ప్రశ్న ఒక్కటే: "మా వాణ్ణి ఐ.టి.ఐ.లో వేద్దామనుకుంటున్నాం. ఏ ట్రేడు తీసుకుంటే పని దొరుకుతుంది?" శాఖా కార్యదర్శి తనకు తోచినది చెబుతాడు. ఫిట్టరైతే మంచిదంటాడు, పక్కనున్నవారు ఎలక్ట్రీషియన్ అంటారు. ఎవరూ అబద్ధం చెప్పరు. కాని వారు చెప్పేది తాము కొలువులో చేరిన నాటి సంగతి. అప్పటి నియమాలు వేరు, అప్పటి ఇంజన్లు వేరు, అప్పటి పరీక్ష వేరు.

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినది ఐ.టి.ఐ. అక్కడ చెప్పేవారు లేకపోబట్టే తండ్రి మన గుమ్మం తొక్కుతున్నాడు. చాలా సంస్థలలో ప్లేస్‌మెంట్ సెల్ అనే బోర్డు ఉన్నమాట నిజమే. ఆ బోర్డు వెనుక ఉన్నది తరచుగా వెల్డింగు షాపులోనో ఎలక్ట్రికల్ షాపులోనో రోజంతా పాఠం చెప్పి అలసిన ఒక శిక్షకుడు. ఈ పని ఆయనకు అదనపు బాధ్యత. ఏడాదికొకమారు ఏదో కంపెనీ వచ్చి పిల్లలను వరుసలో నిలబెట్టి కొందరిని తీసుకుపోతే ఆ సంవత్సరపు పని అయిపోయినట్లే. దీనిని మేము వృత్తి మార్గదర్శనమని అనలేము.

దేశంలో ఇప్పుడు సుమారు 15 వేల పారిశ్రామిక శిక్షణ సంస్థలున్నవి. వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రైవేటువి. 1950లో ఈ శిక్షణ పథకం ప్రారంభమైనప్పటి నుండి చర్చ అంతా సీట్ల చుట్టూ, యంత్రాల చుట్టూ, ఇటీవలి కాలంలో భవనాల చుట్టూ తిరిగింది. సీటులో కూర్చున్న పిల్లవానికి ఆ సీటు ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పే ఏర్పాటు మాత్రం వెనుకబడే ఉన్నది. దీని ఫలితం ఎట్లా ఉంటుందో మన రెండు శాఖల నుండే చూపదలచినాము. ఎందుకంటే ఐ.టి.ఐ. విద్యార్థి మొట్టమొదట కోరుకునే యజమాని నేటికీ రైల్వేయే.

ముందుగా ట్రేడు ఎంపిక సంగతి. అసిస్టెంట్ లోకో పైలట్ కావాలనే కోరికతో ఒక విద్యార్థి వెల్డర్ ట్రేడులో చేరినాడనుకుందాం. ఏడాదిలో పూర్తి అవుతుంది, ఖర్చు తక్కువ, పని త్వరగా వస్తుందని ఇంటివారు ఆలోచించినారు. కాని 2024 జనవరిలో వెలువడిన అసిస్టెంట్ లోకో పైలట్ ప్రకటన చూడండి. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్, టర్నర్, మెషినిస్ట్, వైర్‌మన్ మొదలైన ట్రేడులు జాబితాలో ఉన్నవి, వెల్డర్ లేదు. కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడూ లేదు. వెల్డర్‌కు టెక్నీషియన్ పోస్టులున్నవి, లెవెల్-1 పోస్టులున్నవి. వెల్డింగు మంచి పని. అయితే తాను కోరుకున్న తలుపు తనకు మూసి ఉన్నదని ఆ పిల్లవానికి చేరిన రోజున తెలియవలెనా, సర్టిఫికెట్ చేతికి వచ్చిన తరువాత తెలియవలెనా?

ఇంతకన్న కఠినమైనది కంటి పరీక్ష. లోకో పైలట్ పోస్టుకు ఏ-1 వైద్య తరగతి కావలెనని మన రన్నింగ్ సిబ్బందికి ఒకరు చెప్పనక్కరలేదు. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు, వర్ణ దృష్టిలో ఎట్టి లోపమూ లేకపోవడం, లేజర్ చికిత్స చేయించుకొని ఉండకపోవడం దాని నిబంధనలు. రెండేళ్లు చదివి, మరి రెండేళ్లు పరీక్షలకు కూర్చుని, అన్ని దశలూ దాటి, చివరకు రైల్వే ఆసుపత్రిలో రంగు చుక్కల పుస్తకం ముందు ఓడిపోయే యువకుని సంగతి మనకు కొత్త కాదు. వర్ణ దృష్టి లోపం సాధారణంగా పుట్టుకతో వచ్చేది. పదిహేనేళ్ల వయసులో పది నిమిషాల పరీక్షతో బయటపడగలిగేది. చేరిన మొదటి నెలలోనే ఆ పరీక్ష జరిగి ఉంటే ఆ కుర్రవాడు వర్క్‌షాపు వైపు తన దృష్టిని మళ్లించుకొని ఉండేవాడు. సి-1 తరగతి పోస్టులకు ఆ నిబంధన లేదు. ఒక కంటి పరీక్ష చేయించని వ్యవస్థ, ఆ కుర్రవాని నాలుగేళ్లను తినివేసినది. జిల్లా ఆసుపత్రి కంటి విభాగం వారు ఒక రోజు వచ్చి పోవడానికి ఎంత ఖర్చవుతుంది?

పేర్ల తంటా కూడ ఇక్కడే చెప్పుకోవాలి. చెప్పుకోవడానికి చిన్నదిగా కనిపిస్తుంది గాని, తెలుగువారికి ఇది పెద్దది. పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది, ఐ.టి.ఐ. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివరకు పోతుంది. ఖరగ్‌పూర్‌లోనో ముంబాయిలోనో పుట్టి పెరిగిన మన రైల్వే కుటుంబాల పిల్లలకైతే తండ్రి పేరు మధ్యలో వచ్చి చేరుతుంది. ఇప్పుడు దరఖాస్తులన్నీ యంత్రం చూసేవే. యంత్రానికి ఇంటిపేరు మర్యాద తెలియదు. ఈ మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసి సరిచేయించే పని చదువు మొదటి సంవత్సరంలోనే జరగవలసినది. దానికి పండితులక్కరలేదు, బాధ్యత గల ఒక మనిషి చాలు.

యంత్రాలు మారుతున్న సంగతి కూడ చెప్పేవారు ఉండాలి. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ కర్మాగారం పేరు 2020లో బనారస్ లోకోమోటివ్ కర్మాగారంగా మారినది. పేరు మారకముందే అక్కడ మన రైల్వేల కొరకు డీజిల్ ఇంజన్ల తయారీ ఆగి, విద్యుత్ ఇంజన్ల తయారీ సాగుతున్నది. పెరంబూరు కర్మాగారం పాత నమూనా పెట్టెల తయారీని 2018లో ముగించినది. బ్రాడ్‌గేజి మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయినవి. డీజిల్ షెడ్లలో పని చేసిన మన సోదరులెందరో నడివయసులో ఎలక్ట్రిక్ లోకో పని నేర్చుకున్నారు. అది ఎంత కష్టమో వారికే తెలుసు. ఈ స్థితిలో డీజిల్ మెకానిక్ ట్రేడులో చేరుతున్న పిల్లవానికి "రైల్వేలో నీ ట్రేడుకు ఉన్న చోటు తగ్గుతున్నది, లారీలు, బస్సులు, జనరేటర్లు, వ్యవసాయ యంత్రాల వైపు నీకు పని ఉన్నది" అని చెప్పేవారు ఉండవద్దా? ట్రేడు చెడ్డదని కాదు. ఎవరి కొరకు నేర్చుకుంటున్నాడో తెలిసి నేర్చుకోవాలని మా అభిప్రాయం.

ఇక అప్రెంటిస్ శిక్షణ. ఈ సంచికలో ఈ విషయం ఎత్తుకోవడానికి అసలు కారణం ఇదే గనుక దీని వద్ద కొంత ఎక్కువసేపు ఆగుతాము.

అప్రెంటిస్ చట్టం 1961లో వచ్చినది. దానిలోని 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడు. కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. 22వ సెక్షన్ ప్రకారం శిక్షణ పూర్తి అయినవానికి ఉద్యోగం ఇచ్చి తీరవలసిన బాధ్యత యజమానికి లేదు. 1995లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో కొంత ఊరట కలిగించినది: ఇతర విషయాలు సమానంగా ఉన్నప్పుడు నేరుగా వచ్చినవారి కంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, శిక్షణ ఇచ్చిన సంస్థ సంవత్సరాలవారీగా వారి జాబితా ఉంచాలని చెప్పినది. 2014లో చట్టాన్ని సవరించినప్పుడు, ప్రతి యజమానీ తన వద్ద శిక్షణ పూర్తి చేసినవారిని తీసుకొనే విషయమై తన విధానాన్ని తాను రూపొందించుకోవాలని 22వ సెక్షన్‌లో చేర్చినారు. విధానం ఉండాలన్నారే గాని అది ఎట్లా ఉండాలో చెప్పలేదు. రైల్వే విధానం లెవెల్-1 నియామకాలలో 20 శాతం స్థానాలు. అవి రైల్వే సంస్థలలో శిక్షణ పొందినవారికి మాత్రమే, అదీ అందరితో పాటు పరీక్ష వ్రాసి నెగ్గినప్పుడే.

ఈ సంగతులు విద్యార్థికి ముందుగా చెబుతున్నదెవరు? 2018 మార్చి 20న ముంబాయిలో మాతుంగా, దాదర్‌ల మధ్య ఉదయపు రద్దీ వేళ వందలాది యువకులు పట్టాల మీద కూర్చున్నారు. వారు రైల్వేలో అప్రెంటిస్ శిక్షణ పొందినవారు. 20 శాతం పరిమితి తొలగించి తమను నేరుగా తీసుకోవాలని వారి కోరిక. ఆ రోజున కార్యాలయాలకు పోలేక ఇబ్బంది పడిన ప్రయాణికులలో మనవారూ ఉన్నారు, రైలు నడపలేక నిలబడిన మోటర్‌మన్లూ మనవారే. లాఠీలతో ఆ యువకులను లేపినారు. వారు శిక్షణలో చేరిన నాడు "ఇది ఉద్యోగం కాదు, ఉద్యోగానికి హామీ కూడ కాదు, ఇందువలన నీకు కలిగేది ఇంత మేలు, దీని తరువాత నీవు వ్రాయవలసిన పరీక్ష ఇది" అని విప్పి చెప్పి, అర్థమైనదా అని అడిగినవారు ఎందరుండి ఉంటారు? వర్క్‌షాపులో ఏడాది పాటు పక్కన నిలబడి పని నేర్పిన మనమైనా చెప్పినామా?

నిబంధనలలో దాగి ఉన్న మరొక ముల్లు ఉన్నది. ఒకసారి ఈ చట్టం క్రింద ఏ సంస్థలోనైనా అప్రెంటిస్ శిక్షణ పొందినవాడు మరల రైల్వే అప్రెంటిస్‌కు అర్హుడు కాడు. ఇప్పుడు ఆ ప్లేస్‌మెంట్ బోర్డు సంగతి గుర్తు చేసుకోండి. ఒక ప్రైవేటు కంపెనీ వచ్చి ఇరవై మందిని అప్రెంటిస్‌లుగా తీసుకుపోతుంది. సంస్థ రిజిస్టరులో ఇరవై మందికి పని దొరికినట్లు ఎక్కుతుంది. ఆ ఇరవై మందిలో ఒకని మనసంతా రైల్వే మీదనే ఉన్నది. ఆరు నెలల తరువాత జోనల్ రైల్వే అప్రెంటిస్ ప్రకటన వెలువడుతుంది. దక్షిణ మధ్య రైల్వే ఒక్కటే 2024 డిసెంబరులో 4,232 స్థానాలు ప్రకటించినది. అతడు దరఖాస్తు చేయలేడు. దానితో పాటే 20 శాతం అవకాశమూ పోయినది. కంపెనీలో చేరడం తప్పని మేము అనము. నేర్చుకోదగిన మంచి కంపెనీలు ఉన్నవి, రైల్వే ప్రకటన ఎప్పుడు వస్తుందో తెలియక కాచుకొని కూర్చోవడం తెలివైన పనీ కాదు. ఈ రెండు దారులూ కలిసే చోట ఒక మనిషి నిలబడి ఉండాలని, అతడు ఎటు పోతే ఏమి పోగొట్టుకుంటాడో చెప్పాలని మాత్రమే మేమనేది.

ఆ 4,232 స్థానాలకు వ్రాత పరీక్ష లేదు. పదవ తరగతి మార్కులు, ఐ.టి.ఐ. మార్కులు కలిపి సగటు తీసి ఎంపిక చేసేదే పద్ధతి. ఐ.టి.ఐ.లో ఉత్తీర్ణత ఉంటే చాలు, మార్కులెవరు చూస్తారని పిల్లల్లో ఉన్న భావన ఎంత నష్టం చేస్తున్నదో దీనిని బట్టి గ్రహించవచ్చు. అప్రెంటిస్‌కు వయోపరిమితి కూడ సాధారణంగా 24 సంవత్సరాలే. ఇవి రహస్యాలు కావు, ప్రకటనలలో ఉన్నవే. అరవై పేజీల ఇంగ్లీషు ప్రకటనలో ఉన్నదంతా పదవ తరగతి చదివిన తండ్రికి, పద్దెనిమిదేళ్ల కొడుకుకు తెలిసినట్లే అని భావించడం అధికారుల అలవాటు.

ఒకప్పుడు ఈ పనికి ఒక ప్రభుత్వ వ్యవస్థ ఉండేది. ఉపాధి కల్పనా కార్యాలయాలు 1956లో రాష్ట్రాల చేతికి వచ్చినవి. రెండవ పంచవర్ష ప్రణాళిక కాలంలో వాటిలో వృత్తి మార్గదర్శన విభాగాలు ఏర్పడినవి. ఖాళీలను వాటికి విధిగా తెలియజేయాలని 1959లో చట్టం వచ్చినది. మనలో పదవీ విరమణకు దగ్గరపడినవారు ఆ కార్డు రెన్యూవలు కొరకు క్యూలో నిలబడినవారే. అవి గొప్పగా పని చేసినవని మేము చెప్పబోము. పైరవీలు, పాత రిజిస్టర్లు, ఏళ్ల తరబడి నిరీక్షణ మనకు తెలియనివి కావు. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ కేసులోనే సుప్రీంకోర్టు, ఉపాధి కార్యాలయం పంపిన పేర్లకే పరిమితం కారాదని, పత్రికలలో కూడ ప్రకటించి అందరికీ అవకాశమివ్వాలని తీర్పు చెప్పినది. న్యాయమైన తీర్పే. అయితే ఆ తరువాత ఆ కార్యాలయాలు క్రమంగా నిస్తేజమైనవి. 2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ అనే ఆన్‌లైన్ వేదిక వచ్చినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో ఉపాధి కార్యాలయం స్థానే కెరీర్ సెంటర్ అనే పేరు చేరినది. పేరు ఆధునికమైనది. తలుపు తట్టితే లోపల మాట్లాడే మనిషి ఉన్నాడా అన్నది వేరే ప్రశ్న.

మన పోస్ట్‌మన్ సోదరులకు ఇందులో ఒక ప్రత్యేకమైన బాధ ఉన్నది. ఇంటర్వ్యూ కార్డును, నియామక పత్రాన్ని తమ చేతులతో అందించి, ఆ ఇంటివారు పెట్టిన బెల్లం ముక్క నోట వేసుకున్నవారు వారు. ఏ వీధిలో ఏ పిల్లవాడు ఏ ఉద్యోగానికి ఎదురు చూస్తున్నాడో వారికి తెలిసేది. ఇల్లు మారినా వెదకి ఇచ్చేవారు. ఇప్పుడు రైల్వే నియామక మండళ్ల కాల్ లెటర్లు పోస్టులో రావు. అభ్యర్థి తానే వెబ్‌సైటు చూసుకొని దింపుకోవాలి. ఫోనులో సందేశం రానివాడు, నంబరు మారినవాడు పరీక్ష తేదీ దాటిన తరువాత తెలుసుకుంటాడు. కాలం వెనుకకు తిరగాలని మేము కోరము. వెదకి ఇచ్చే మనిషిని తీసివేసినప్పుడు ఆ స్థానంలో మరొకరిని పెట్టాలని కోరుతున్నాము.

తపాలా శాఖలోనూ సాంకేతిక విద్యార్థికి చోటు ఉన్నదని చాలామందికి తెలియదు. మెయిల్ మోటార్ సర్వీసులో మెకానిక్, ఎలక్ట్రీషియన్, కమ్మరి, వడ్రంగి, పెయింటరు, టైర్‌మన్ పోస్టులున్నవి. కొద్దిపాటివే, ఎప్పుడో ఒకసారి పడుతవి. మోటారు మెకానిక్‌కు భారీ వాహన లైసెన్సు కూడ ఉండాలి. చదువు ముగిసిన నాటి నుండి లైసెన్సు సంపాదించే పనిలో ఉన్నవాడు ప్రకటన వచ్చిననాడు సిద్ధంగా ఉంటాడు. ప్రకటన చూసిన తరువాత మొదలుపెట్టినవాడు ఉండలేడు. తేడా అంతా ఒక మాట ముందుగా చెప్పడంలో ఉన్నది.

ఈ ఖాళీ చోటులోకే దళారులు ప్రవేశిస్తున్నారు. ప్రతి ప్రకటనలోనూ దళారులను నమ్మవద్దని నియామక మండళ్లు వ్రాస్తూనే ఉన్నవి. నమ్మవద్దనడం సులువు. 2019లో ప్రకటించిన 1,03,769 లెవెల్-1 పోస్టులకు కోటికి పైగా దరఖాస్తులు వచ్చినవి. పరీక్ష జరిగినది 2022 ఆగస్టు నుండి అక్టోబరు వరకు. ఆ మూడేళ్లలో ఏమి జరుగుతున్నదో తెలియని ఇంటికి "నాకు లోపల మనిషి ఉన్నాడు" అని వచ్చినవాడు చెప్పే మాటే సమాచారం. తాకట్టు పెట్టిన పొలాలు, అమ్మిన పుస్తెలు మన కాలనీలలోనే ఉన్నవి. సిగ్గుతో చెప్పవలసిన సంగతి మరొకటి: ఆ "లోపల మనిషి" ఒక్కొక్కప్పుడు మన యూనిఫారంలోనే ఉంటున్నాడు. అటువంటివాడు ఏ సంఘ సభ్యుడైనా సరే, అతని పక్షాన మన సంఘం నిలబడదని స్పష్టం చేస్తున్నాము.

బాలికల సంగతి మరువరాదు. సాంకేతిక ట్రేడులలో వారి సంఖ్య ఇప్పటికీ తక్కువ. ఐ.టి.ఐ.కి వచ్చినా కుట్టుపని, కంప్యూటర్ వైపే పంపుతున్నారు. మహారాష్ట్రలోని సతారా జిల్లాకు చెందిన శ్రీమతి సురేఖా యాదవ్ కరాడ్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, 1989లో అసిస్టెంట్ డ్రైవరుగా చేరి, ఆసియాలో తొలి మహిళా రైలు డ్రైవరుగా పేరు పొంది, వందే భారత్ రైలును సైతం నడిపి, 2025 సెప్టెంబరులో పదవీ విరమణ చేసినారు. ఆమె సంగతి చెప్పి చప్పట్లు కొట్టించడం వద్దు. రన్నింగ్ రూములో స్త్రీలకు వసతి ఎట్లా ఉన్నదో, రాత్రి డ్యూటీ ఎట్లా ఉంటుందో, ఇంజనులో మరుగుదొడ్డి లేని ఇబ్బంది ఎంత కాలంగా సాగుతున్నదో మన మహిళా లోకో పైలట్లు స్వయంగా వచ్చి చెప్పాలి. నిజం తెలిసి వచ్చిన అమ్మాయి నిలబడుతుంది, హక్కు అడుగుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో వెయ్యి ప్రభుత్వ ఐ.టి.ఐ.ల అభివృద్ధికి 60 వేల కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించినది. తెలంగాణలో 65 ఐ.టి.ఐ.లను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైనది. మేము వీటిని స్వాగతిస్తున్నాము. తుప్పు పట్టిన లేతు మీద నేర్చుకున్నవానికి కొత్త యంత్రం ముందు చేతులు వణకడం మనం చూసినదే. ఆ సొమ్ములో ఒక చిన్న భాగంతో ప్రతి ప్రభుత్వ ఐ.టి.ఐ.లో వేరే పని అప్పగించని, శిక్షణ పొందిన, నియమిత వేతనం గల ఒక మార్గదర్శకుణ్ణి నియమించాలన్నది మా కోరిక. కాంట్రాక్టు మీద పదకొండు నెలలకు తెచ్చిన మనిషి ఈ పని చేయలేడు. తన ఉద్యోగమే నిలకడ లేనివాడు ఇతరులకు నిలకడ గల ఉద్యోగం గురించి ఏమి చెబుతాడు? సంస్థ విడిచిపోయిన ప్రతి విద్యార్థి మూడేళ్ల పాటు ఎక్కడున్నాడో, ఎంత సంపాదిస్తున్నాడో, అప్రెంటిసా, కాంట్రాక్టు కూలీయా, స్థిర ఉద్యోగియా అన్నది వేరువేరుగా వ్రాసి గోడ మీద అంటించాలి. అప్రెంటిస్‌ను ఉద్యోగిగా లెక్కకట్టే పద్ధతి పోవాలి. ప్రైవేటు సంస్థలకు గుర్తింపు కొనసాగించే ముందు ఈ లెక్కే చూడాలి. పదిహేను వేలలో అధిక భాగం అవే గనుక, వాటిని వదలి చేసే సంస్కరణకు అర్థం లేదు.

రైల్వే మంత్రిత్వ శాఖ వైపు నుండి మేము కోరేది స్వల్పం. అప్రెంటిస్ చేరిన రోజున అతని మాతృభాషలో ఒక కాగితం చేతికివ్వాలి: శిక్షణ కాలం, భృతి, ముగిసిన తరువాత అతనికి గల అవకాశం, లేని అవకాశం. 2019 నియమాల ప్రకారం ఐ.టి.ఐ. ఉత్తీర్ణునికి నెలకు 7,000 రూపాయలు కనీస భృతిగా నిర్ణయించినారు. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్ మండలి 36 శాతం పెంపును సిఫారసు చేసినది. ఊరు గాని ఊరులో గది అద్దెకిచ్చి భోజనం చేయవలసినవానికి పాత మొత్తం ఎంతకు సరిపోతుందో పెద్ద లెక్కలు వేయనక్కరలేదు. శిక్షణ పూర్తి చేసినవారి జాబితాను 1995 తీర్పులో చెప్పినట్లు సంవత్సరాలవారీగా ప్రతి వర్క్‌షాపూ ప్రకటించాలి. లాలాగూడ, రాయనపాడు, తిరుపతి షాపులతోనే ఇది ప్రారంభం కావచ్చు.

ఇందులో మాట్లాడే హక్కు కార్మిక సంఘాలకు ఎక్కడిదని అడిగేవారున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1975లో ఆమోదించిన 142వ ఒడంబడిక వృత్తి మార్గదర్శనాన్ని, శిక్షణను ఉపాధితో ముడిపెట్టి చెప్పినది. వాటి విధానాలను యజమానుల, కార్మికుల సంఘాల సహకారంతో రూపొందించి అమలు చేయాలని అందులోనే ఉన్నది. భారతదేశం 2009లో దానిని ధ్రువపరచినది. అయినా 2007లో 1,396 ప్రభుత్వ ఐ.టి.ఐ.లకు ఏర్పరచిన యాజమాన్య సంఘాలలో అధ్యక్ష స్థానం పరిశ్రమాధిపతిదే. ఆ ఐ.టి.ఐ. నుండే వచ్చి ముప్పయ్యేళ్లు ఆ పని చేసిన కార్మికునికి అక్కడ ఒక కుర్చీ వేయాలని మనం అడగడం దయాభిక్ష కాదు.

అయితే కుర్చీ వేసేవరకు మనం ఊరకుండనక్కరలేదు. ఒక తరం క్రితం తండ్రి ఉద్యోగం కొడుకుకు వచ్చే దారి వెదకినాము. భద్రతా విభాగాల సిబ్బంది స్వచ్ఛంద విరమణతో పిల్లలకు ఉద్యోగమిచ్చే పథకం 2004లో మొదలై, న్యాయస్థానం ఆక్షేపణ తరువాత 2018లో రద్దయినది. దాని కొరకు మనం చేసిన పోరాటాన్ని గురించి నేడు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. మన పిల్లవాడు కూడ ఇప్పుడు ఊరి కూలివాని పిల్లవానితో పాటు అదే వరుసలో నిలబడి ఉన్నాడన్నది మాత్రం నిజం. ఇద్దరికీ కావలసినది ఒకే సమాచారం. అది మన దగ్గర ఉన్నది.

కాబట్టి ప్రతి శాఖా తన పట్టణంలోని ఒక ఐ.టి.ఐ.ని ఎంచుకోవాలని నిర్ణయించినాము. ఏడాదికి రెండుమార్లు ఒక ఫిట్టరు, ఒక లోకో పైలట్, ఒక సిగ్నల్ టెక్నీషియన్, దగ్గరలో మెయిల్ మోటార్ సర్వీసు ఉంటే అక్కడి మెకానిక్ ఒకరు వెళ్లి గంటసేపు పిల్లలతో కూర్చోవాలి. జెండా తీసుకుపోవద్దు, సభ్యత్వ పుస్తకం తీసుకుపోవద్దు. 19,900 మూల వేతనం అంటే చేతికి ఎంత వస్తుందో, పిట్‌లైను క్రింద ఎండాకాలం పని ఎట్లా ఉంటుందో, ఏ తప్పు చేస్తే వేలు పోతుందో, ఏ పరీక్షకు ఏ కాగితం అడుగుతారో చెప్పాలి. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, కనుక్కొని మరుసటి వారం చెప్పాలి. ప్రిన్సిపాలు అనుమతి నిరాకరిస్తే గొడవపడవద్దు. వ్రాతపూర్వకంగా అడిగి, ఆ జవాబు ప్రతిని మాకు పంపండి, జిల్లా అధికారి వద్ద మేము చూసుకుంటాము.

ఎంచుకున్న ఐ.టి.ఐ. పేరు, వెళ్లే సభ్యుల పేర్లు, మొదటి సమావేశపు తేదీ శాఖా కార్యదర్శులు వచ్చే నెల పదిహేనవ తేదీలోగా సమాఖ్య కార్యాలయానికి తెలియజేయాలి. పిల్లలు అడిగిన ప్రశ్నలలో మీరు జవాబు చెప్పలేకపోయినవి విడిగా వ్రాసి పంపండి. వాటికి సమాధానాలు సేకరించి వచ్చే సంచిక నుండి ఈ పత్రికలో ఒక పేజీ కేటాయిస్తున్నాము. పోస్ట్‌కార్డు మీద వ్రాసినా చాలు.